‘సొంత కారణాలు’ అని రాసిన గడి

పనిచోట లైంగిక వేధింపు కూడా వివక్షేనని ఇవాళ ఏ ఆఫీసు నోటీసు బోర్డు చూసినా కనిపిస్తుంది. యాభై ఏళ్ల కిందట ఆ ముక్క ఏ చట్టంలోనూ లేదు. ఆ రెంటినీ ముడివేసే వాదనకు పూర్తి రూపం ఇచ్చింది క్యాథరిన్ మెకినన్ అనే లా ప్రొఫెసర్. 1946లో మినెసోటాలో పుట్టి, స్మిత్ కాలేజీలో చదివి, యేల్ విశ్వవిద్యాలయంలో 1977లో న్యాయశాస్త్ర పట్టా, 1987లో రాజనీతిశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. 1990 నుంచి మిషిగన్ లా స్కూల్లో ప్రొఫెసర్. ఆమె పేరెత్తితే అమెరికాలో చాలామందికి గుర్తొచ్చేది అశ్లీల చిత్రాల మీద రచయిత్రి ఆండ్రియా డ్వార్కిన్‌తో కలిసి 1983లో మినియాపొలిస్ నగరానికి రాసిచ్చిన ఆర్డినెన్సు, ఆ తర్వాత అదే పద్ధతిలో ఇండియానాపొలిస్ తెచ్చినదాన్ని కోర్టులు కొట్టేయడం. అది పెద్ద రభసే. కానీ ఉద్యోగ చట్టంలో ఆమె చేసిన పనితో పోలిస్తే అదొక పక్కదారి.

అమెరికాలో ఉద్యోగ వివక్షకు మూలం 1964 పౌరహక్కుల చట్టంలోని ఏడో భాగం. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఉద్యోగం ఇవ్వడంలో గానీ, జీతంలో గానీ, పని పరిస్థితుల్లో గానీ తేడా చూపకూడదని అది అంటుంది. ఆ వరసలో ఆడ, మగ తేడా చివర్న వచ్చి చేరింది. 1964 ఫిబ్రవరి 8న ప్రతినిధుల సభలో వర్జీనియా సభ్యుడు హోవర్డ్ స్మిత్ ఆ సవరణ పెట్టాడు. ఆయన అసలు పౌరహక్కుల బిల్లుకే బద్ధ వ్యతిరేకి. బిల్లును ముంచడానికే ఆ సవరణ తెచ్చాడని కొందరు, ఆడవాళ్ల హక్కుల విషయంలో మాత్రం ఆయనకు నిజంగానే పట్టింపు ఉండేదని మరికొందరు అంటారు. సభ నవ్వులతో గడిచింది, సవరణ మాత్రం 168–133 ఓట్లతో నెగ్గింది. కమిటీ విచారణ లేకుండా వచ్చిన మాట కావడంతో దాని అర్థం ఎంతవరకో తేల్చుకోవడానికి సభ రికార్డుల్లో పెద్దగా ఏమీ దొరకదు. లా ప్రొఫెసర్లకు ఇంతకంటే మంచి ఖాళీ జాగా ఏముంటుంది!

ఆ ఖాళీలో మొదట పడింది ప్రొఫెసర్లు కాదు, గుమాస్తాలు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో కార్మీటా వుడ్ అనే నలభై నాలుగేళ్ల ఆవిడ కార్నెల్ విశ్వవిద్యాలయంలోని ఒక ప్రయోగశాలలో ఎనిమిదేళ్లు పనిచేసి 1974లో ఉద్యోగం వదిలేశారు. పైఅధికారి చేష్టలు భరించలేక, లిఫ్టులో ఎదురుపడతాడేమోనని మెట్లు ఎక్కి దిగేవారు. వేరే విభాగానికి బదిలీ అడిగితే దొరకలేదు. ఒంట్లో నొప్పులు మొదలయ్యాయి. మానేశాక నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఉద్యోగం ఎందుకు వదిలారని ఆ కాగితంలో ఒక గడి. జరిగినదానికి పేరేమిటో ఆమెకు తెలియదు. గడి ఖాళీగా వదలకూడదని గుమాస్తా పట్టుబట్టడంతో ‘సొంత కారణాలు’ అన్నారు. సొంత కారణాలతో మానేసినవాళ్లకు భృతి ఇవ్వరు. ఆమెకూ రాలేదు.

ఆమె కోసం కార్నెల్‌లో పాఠాలు చెప్పే లిన్ ఫార్లీ, మరికొందరు కూడబలుక్కుని, ఈ బాధకు ఏ పేరు పెట్టాలా అని వెతికి ‘సెక్సువల్ హెరాస్‌మెంట్’ అన్నారు. 1975 మేలో ఇథాకాలో సభ పెడితే ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి తమ అనుభవాలు చెప్పారు. తెలుగులో ‘లైంగిక వేధింపు’ అన్న మాట పత్రికల్లో స్థిరపడింది ఇంకా చాలా తర్వాత. అంతకుముందు మనకున్నది ‘అల్లరి’. వెన్నదొంగ చేసినా అల్లరే, వెంటపడి ఏడిపించినా అల్లరే. పేరు లేని చోట ముద్దుపేరు చెలామణీ అవుతుంది.

మెకినన్ అప్పటికి యేల్‌లో విద్యార్థి. వుడ్ సంగతి విన్నాక ఈ విషయం మీద వ్యాసం రాయడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో వేసిన కేసులన్నీ ఓడిపోతున్నాయి. ఓడిన పద్ధతి చూస్తే ఒక పోలిక కనబడుతుంది. పర్యావరణ పరిరక్షణ సంస్థలో పాలెట్ బార్న్స్ అనే ఉద్యోగిని పైఅధికారి కోరికకు ఒప్పుకోనందుకు తన పోస్టు ఎత్తేశారని కోర్టుకెక్కారు. ఆ పైఅధికారి ఆ సంస్థలో చూసుకునేది సమాన ఉద్యోగ అవకాశాల విభాగాన్నే కావడం వేరే సంగతి. 1974లో జిల్లా కోర్టు ఇది ఇద్దరి మధ్య పొసగని వ్యక్తిగత సంబంధం తాలూకు గొడవ అని తేల్చింది. ఆమె ఆడది కావడం వల్ల పోస్టు పోలేదట, ఒప్పుకోకపోవడం వల్ల పోయిందట. మరుసటేడు అరిజోనాలో జేన్ కార్న్, జెనీవా డివేన్ వేసిన కేసులో జడ్జి పైఅధికారి చేష్టలను అతని వ్యక్తిగత స్వభావం కింద కట్టారు. ఇలాంటివాటికి కంపెనీ మీద బాధ్యత పెడితే ప్రతి సరసానికీ ఒక దావా పడుతుందని భయపడ్డారు కూడా. భృతి ఆఫీసు గడిలో ఉన్న మాటే కోర్టు తీర్పుల్లోనూ ఉంది. ఒకచోట దాన్ని బాధితురాలు రాసింది, మరోచోట జడ్జి రాశాడు.

మెకినన్ వాదన ఆ మాటకే గురిపెట్టింది. 1979లో యేల్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసిన ‘సెక్సువల్ హెరాస్‌మెంట్ ఆఫ్ వర్కింగ్ విమెన్’లో ఆమె వేధింపును రెండుగా విడదీశారు. ఒప్పుకుంటే ప్రమోషన్, లేకపోతే ఊస్టింగ్ అనే బేరం మొదటిది. బేరమేమీ లేకుండా మాటలతో, చూపులతో, చేతులతో రోజూ పనిని నరకం చేయడం రెండోది. మొదటిదాంట్లో జీతం పోతుంది కాబట్టి నష్టం కంటికి కనబడుతుంది. రెండోదాంట్లో జీతంలో పైసా తగ్గదు. అక్కడ ఆ వాతావరణమే ‘పని పరిస్థితి’ అని, పక్క సీటులోని మగవాడు ఆ పరిస్థితి భరించనక్కర్లేకుండానే అదే జీతం తీసుకుంటున్నాడని ఆమె చెప్పారు. ఈ రెండో రకాన్ని చట్టం కిందికి తేవడమే కష్టమైన పని.

దీని వెనక ఇంకా లోతైన తగాదా ఒకటుంది. సమానత్వమంటే ఒకేలా ఉన్నవాళ్లను ఒకేలా చూడటం అని కోర్టుల అలవాటు. ఆ లెక్కన ఆడవాళ్లు మగవాళ్లతో పోల్చదగ్గ చోటే వివక్ష ఉంటుంది, పోలిక లేని చోట వివక్షే ఉండదు. 1976లో జనరల్ ఎలక్ట్రిక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చేసింది. జబ్బు చేసి సెలవు పెట్టినవాళ్లకు డబ్బిచ్చే పథకంలో గర్భిణులను వదిలేయడం వివక్ష కాదంది. తేడా ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య కాదు, గర్భం దాల్చినవాళ్లకూ దాల్చనివాళ్లకూ మధ్య అని తర్కం! అమెరికా కాంగ్రెస్ ఊరుకోలేక 1978లో చట్టం సవరించాల్సి వచ్చింది. మెకినన్ ఈ త్రాసునే పక్కన పెట్టమన్నారు. అడగాల్సింది ఎవరు ఎవరితో సమానంగా ఉన్నారని కాదు, ఈ ఆచారం ఆడవాళ్లను కింద ఉంచుతోందా లేదా అని. ఆఫీసుల్లో టైపు చేసేది వాళ్లే, ఫోనెత్తేది వాళ్లే, సంతకం పెట్టే అధికారం మాత్రం ఇంకొకరిది. ఆ అమరికలో వచ్చే కోరిక ‘వ్యక్తిగతం’ ఎలా అవుతుంది?

పుస్తకం అచ్చుకాకముందే ఫలితం రావడం మొదలైంది. 1977లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు బార్న్స్ పక్షాన తీర్పిచ్చింది. ఆమె మగవాడై ఉంటే ఆ కోరిక కోరేవాడే కాదు, కాబట్టి కారణం ఆమె ఆడది కావడమేనని స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ రాశారు. బెంచిలో ఇంకొక జడ్జి జార్జ్ మెకినన్, క్యాథరిన్ తండ్రి. నిక్సన్ నియమించిన రిపబ్లికన్. ఫలితంతో ఏకీభవిస్తూ, యజమాని బాధ్యత ఎంతవరకన్న దాని మీద విడిగా రాశారు. రాబిన్సన్ తీర్పులో ఒక పాదసూచిక ఉంది: పైఅధికారి ఆడా మగా తేడా లేకుండా ఇద్దరినీ వేధిస్తే అది వివక్ష కాకపోవచ్చునని. మగవాడితో పోలిక అనే త్రాసు ఇంకా బల్ల మీదే ఉందన్నమాట. 1980లో సమాన ఉద్యోగావకాశాల కమిషన్, ఎలినార్ హోమ్స్ నార్టన్ అధ్యక్షతన, రెండు రకాల వేధింపునూ తన మార్గదర్శకాల్లో చేర్చింది.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మొదటి కేసు మెషెల్ విన్సన్‌ది. 1974లో వాషింగ్టన్‌లో ఒక బ్యాంకు శాఖలో శిక్షణలో చేరి, కౌంటర్ నుంచి హెడ్ టెల్లర్, అసిస్టెంట్ బ్రాంచ్ మేనేజర్ దాకా ఎదిగారు. ప్రమోషన్లన్నీ పనితనం మీదే వచ్చాయని అవతలివాళ్లూ ఒప్పుకున్నారు. 1978లో సెలవు ఎక్కువైందని తీసేశారు. బ్రాంచ్ మేనేజర్ ఏళ్ల తరబడి బలవంతం చేశాడని, ఉద్యోగం పోతుందని భయపడి లొంగానని ఆమె అన్నారు. అతను అసలేమీ జరగలేదన్నాడు. ఆమె ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదని బ్యాంకు అంది. బ్యాంకు నిబంధన ప్రకారం ఫిర్యాదు మొదట ఇవ్వాల్సింది నేరుగా పైఅధికారికి. ఆ పైఅధికారి ఆ మేనేజరే.

విన్సన్ తరఫు లిఖిత వాదన రాసింది మెకినన్. కింది కోర్టు, సంబంధమంటూ ఉంటే అది స్వచ్ఛందమేనని కొట్టేసింది. చూడాల్సింది ఆమె లొంగిందా లేదా అని కాదు, ఆమెకు ఇష్టమా కాదా అని సుప్రీంకోర్టు అంది. 1986 జూన్ 19న తొమ్మిది మందీ ఒకే మాట మీద నిలిచారు. తీర్పు రాసింది సంప్రదాయవాదిగా పేరున్న రెన్‌క్విస్ట్. జీతం నష్టపోకపోయినా, ప్రతికూల వాతావరణం తీవ్రంగా ఉంటే అది వివక్షేనని తేలింది. అయితే అదే తీర్పు ఆమె బట్టలూ మాటతీరూ సాక్ష్యంగా చూడొచ్చని కూడా అంది. తలుపు ఒక పక్క తీసి ఇంకో పక్క గడియ పెట్టినట్టు. ఇష్టం లేదని నిరూపించే భారం ఫిర్యాదీ మీదే పడింది. మెకినన్ ఆ మాటను నేటికీ విమర్శిస్తారు.

ప్రొఫెసర్ వృత్తిలో ఈ భాగం గురించి జనం తక్కువ చెప్పుకుంటారు. విన్సన్ కేసులో సుప్రీంకోర్టు ముందు నిలబడి వాదించింది ప్యాట్రిషియా బ్యారీ. మెకినన్ పని కాగితం మీద. ఓడిన కేసులు పక్కపక్కన పెట్టి, ఓటమిలో దాగిన ఒకే తర్కాన్ని బయటికి లాగడం, దాన్ని చట్టం వాక్యంలోని మాటలకే తగిలించడం. ముడిసరుకు మాత్రం ఆమెది కాదు. బార్న్స్, విన్సన్, జస్టిస్ డిపార్ట్‌మెంట్ మీద 1976లో గెలిచిన డయాన్ విలియమ్స్, ముగ్గురూ నల్లజాతి ఉద్యోగినులు. వాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకుంటేనే సిద్ధాంతం పుట్టింది. పేరు మాత్రం పుస్తకం రాసినవారికి ఎక్కువ దక్కింది.

సిద్ధాంతానికి తోటి ప్రొఫెసర్ల నుంచే దెబ్బలు తగిలాయి. 1998లో విక్కీ షుల్ట్స్ కామం మీదే చూపు నిలపడం వల్ల అసలు విషయం జారిపోతోందని రాశారు. పనిముట్లు దాచేయడం, పని నేర్పకపోవడం, ‘ఆడదానికి ఇదేం చేతనవుతుంది’ అని రోజూ పొడవడం లాంటివాటిలో సరసం లేదు గనక కోర్టులు పట్టించుకోవట్లేదని ఆమె వాదన. బరువైన అభ్యంతరమే. అదే ఏడాది చమురు రిగ్గు మీద పనిచేసే జోసెఫ్ ఆంకేల్‌ను తోటి మగవాళ్లు హింసించిన కేసులో, ఆడవాళ్లకే కాదు, మగవాడు మగవాణ్ణి వేధించినా చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసులోనూ మెకినన్ రాతపూర్వక వాదన ఒకటి దాఖలు చేశారు. 1998లోనే వచ్చిన మరో రెండు తీర్పులు, ఫిర్యాదు వ్యవస్థ సరిగ్గా నడిపిన యజమానికి కొన్ని సందర్భాల్లో తప్పించుకునే వీలిచ్చాయి. దాంతో పాలసీ కాగితాలూ, శిక్షణ తరగతులూ పెద్ద వ్యాపారమయ్యాయి. కాగితం ఉంటే చాలు వ్యవస్థ ఉన్నట్టేనని కోర్టులు నమ్మేస్తున్నాయని లారెన్ ఎడెల్‌మన్ అనే మరో ప్రొఫెసర్ 2016లో ఒక పుస్తకమే రాశారు. గచ్చిబౌలిలో ఏటా కంప్యూటర్ ముందు ‘పోష్’ (పనిచోట లైంగిక వేధింపుల నివారణ) శిక్షణ పూర్తిచేసి, చివర్న పది ప్రశ్నలకు టిక్కులు పెట్టే ఉద్యోగులకు ఈ మాట కొత్తగా ఉండదు.

ఆ ‘పోష్’ చట్టం దాకా ఈ వాదన వచ్చిన దారి వేరు. విశాఖ తీర్పు అనగానే మనకు సముద్రం గుర్తొస్తుంది గానీ, ఈ విశాఖ రాజస్థాన్‌కు చెందిన ఒక సంస్థ. బాల్యవివాహం ఆపబోయిన భన్వరీదేవి అనే ప్రభుత్వ పథకం కార్యకర్త మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగిందన్న కేసులో కింది కోర్టు 1995లో నిందితులను అత్యాచారం నేరం నుంచి విడిచిపెట్టింది. ఆ తీర్పుకు ముందే, 1992లోనే, మహిళా సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టు 13న జె.ఎస్. వర్మ, సుజాతా మనోహర్, బి.ఎన్. కిర్పాల్ ధర్మాసనం మార్గదర్శకాలిచ్చింది. మనకు అమెరికాలోలా ఏడో భాగం లేదు. కోర్టు రాజ్యాంగంలోని 14, 15, 19, 21 అధికరణాల మీద, ఐక్యరాజ్యసమితి మహిళా ఒడంబడిక మీద ఆధారపడింది. ఆ ఒడంబడిక కమిటీ 1992 సిఫారసులో వేధింపు ఉద్యోగ సమానత్వానికి అడ్డమని ఉంది, తీర్పు దాన్నే ఎత్తిరాసింది.

2013లో వచ్చిన ఆ ‘పోష్’ చట్టం మూడో సెక్షన్‌లో మెకినన్ చేసిన విభజన దాదాపు అలాగే కనిపిస్తుంది: మేలు చేస్తానన్న ఆశ, కీడు చేస్తానన్న బెదిరింపు, పనిని చెడగొట్టే ప్రతికూల వాతావరణం. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అందులో కనీసం సగం మంది ఆడవాళ్లు, బయటి సభ్యురాలో సభ్యుడో ఒకరు. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, విచారణకు తొంభై రోజులు. పదిమంది లేని చోట జిల్లాలోని స్థానిక కమిటీ చూసుకుంటుంది. ఈ కమిటీలు అసలు పెట్టారా లేదా సరిచూడమని 2023 మేలో కూడా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇళ్లలో పనిచేసేవాళ్లకు చట్టం పదకొండో సెక్షన్‌లో వేరే దారి పెట్టింది. వాళ్ల ఫిర్యాదు స్థానిక కమిటీకి వచ్చి, ప్రాథమికంగా నిజమనిపిస్తే, కమిటీ ఏడు రోజుల్లోగా పోలీసులకు పంపాలి. కేసు నమోదు చేయమన్నది అప్పటి భారత శిక్షాస్మృతి 509 కింద. అది స్త్రీ మర్యాదను అవమానించిన నేరం. పనిమనిషి విషయానికి వచ్చేసరికి వివక్ష, పని పరిస్థితి అన్న మాటలు ఆ సెక్షన్‌లో కనబడవు.