రాబర్ట్సు దొరగారి తీర్పు

రాబర్ట్సు సేనాని 1897లో ప్రకటించిన 'భారతదేశమున నలువదియొక్క సంవత్సరములు' అను గ్రంథమును మేము ఇటీవల మరల చదివితిమి. శైలి సరళము, యుద్ధవర్ణనములు కన్నులకు గట్టినట్లుండును. కాని 1881 మొదలు 1885 వఱకు తాను మద్రాసు సేనకు అధిపతియై యుండిన కాలమును గూర్చి వ్రాసిన పుటలను ఊరక దాటిపోజాలము. దక్షిణాది సిపాయిలలో పూర్వపు శౌర్యము నశించెననియు, చిరకాలము శాంతిసుఖముల ననుభవించుటయే దానికి హేతువనియు ఆయన తేల్చెను.

హేతువు శాంతియైనచో దోషము పుట్టుకది కాదు గదా! అభ్యాసలోపముచే పోయినది అభ్యాసముచే మరల రావలెను. ఆయన వాదము ఆయన తీర్పునే కొట్టివేయుచున్నది. అయినను 1885లో ఆయన సర్వసేనాధిపతియైన పిమ్మట శూరజాతులు, శూరులుగాని జాతులు అను విభాగము సేనలో వేరూనెను. ఉత్తరదేశమున సిపాయికి 'తిలంగా' యని పేరుండెడిది. కుంపిణీవారి తొలి సిపాయిలలో తెలుగువారుండుటయే దానికి మూలము. పేరిచ్చినవారే పనికిరానివారైరి!

సేనకై కులములను తూచుట మన పూర్వులకును క్రొత్తగాదు. బ్రాహ్మణసేనయే మేలని ఆచార్యులనగా, శత్రువు సాగిలబడి మ్రొక్కి దానిని వశపఱచుకొనునని కౌటిల్యుడు కాదనెను. (ఈ భాగమున మా శిష్యులు నవ్వక మానరు.) ఆయుధవిద్య నేర్చిన క్షత్రియసేనను, లేదా సంఖ్యాబలముగల వైశ్యశూద్రసేనను ఆయన మెచ్చెను. కులమును ఆయనయు విడువలేదు. కాని శిక్షణమును, సంఖ్యను లెక్కలోనికి దెచ్చెను. శూరజాతి సిద్ధాంతమున జన్మమే ముందు నిలిచెను.

సేనలో జరిగినది సేనలోనే నిలువదు. అంటరానివాడని ఊరు వెలివేసిన మహారునకు పటాలము జీతమిచ్చెను, పింఛనిచ్చెను, అంతకంటె మిన్నగా చదువిచ్చెను. డాక్టరు అంబేడ్కరుగారి తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు; సైనికపాఠశాలలో ఉపాధ్యాయుడు. కుమారుడు 1891లో మౌ దండుప్రదేశమున జన్మించెను. మరుసటి యేడే మహారులకు సేనాద్వారము మూయబడెను. దానిని తెఱువుడని గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో విన్నపము వ్రాసెను. అందు మహారులు పూర్వము క్షత్రియులేయని వాదింపవలసివచ్చెను. తన్ను త్రోసివేసిన కొలబద్దనే పట్టుకొని న్యాయమడుగవలసిన దురవస్థ! మహారు రెజిమెంటు 1941లోగాని ఏర్పడలేదు.

యుద్ధమును పొగడుట మా యుద్దేశముగాదు. బడికి త్రోవ పటాలముగుండ పోవలసివచ్చుట సంఘమునకు తలవంపు. అయినను ఆ యొక్క త్రోవను మూసినవారిని క్షమింపలేము.

తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమునుండి రెండు ప్రపంచయుద్ధములకును యువకులు తరలిరి. 'మిలిటరీ మాధవరము' అను పేరు దానికి నేటికిని నిలిచియున్నది. దొరగారి పుటల అంచున ఆ యూరిపేరును పెన్సిలుతో వ్రాసికొంటిమి.