సన్నసెగ

గడచిన ఆదివారము మా యింట కేకు క్రుంగిపోయినది. పదియేండ్ల మా అమ్మాయి, తల్లి పుట్టినరోజునకు స్వయముగా కేకు చేయవలెనని పట్టుబట్టి, మైదా జల్లించి, పంచదార పొడిచేసి, వెన్నను పెరుగును గిలకొట్టి, పిండి గిన్నెను నాచేత కుక్కరులో దింపించినది. మా యింట ఓవెను లేదు. కుక్కరు అడుగున అంగుళము మందమున ఇసుక పోసి, దానిపై చిన్న స్టాండు నిలిపి, మూతకున్న రబ్బరును విజిలును తీసివేసి, సన్నని మంటపై ముప్పావుగంట ఉంచుట మా పద్ధతి. ఇరువది నిమిషములు గడచెనో లేదో, నేను వరండాలో పత్రిక చూచుచుండగా, పొంగినదో లేదో చూడవలెనను ఆతురతతో ఆ పిల్ల మూత తీసినది. నేను లోనికి పోవుసరికి, అంతవరకు గోపురమువలె లేచిన కేకు నడుమ గుంటపడి యుండెను. మరల మూత పెట్టి, మంట పెంచి, తగ్గించి, ఎన్ని విధముల చూచినను అది లేవలేదు. పిల్ల కంట నీరు పెట్టుకొన్నది.

కోప్పడుటకు నాకు మనసు రాలేదు. సోడా పెరుగులోని పులుపుతో కలసినపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టి పిండిలో వేలకొలది బుడగలగును; వేడికి ఆ బుడగలు వ్యాకోచించి పిండిని పైకెత్తును; ఎత్తిన ఆ పిండి ఉడికి గట్టిపడి, బుడగ చుట్టును గోడవలె నిలిచిననే కేకు నిలుచును. గోడలింకను పచ్చిగానున్నపుడు చల్లనిగాలి సోకెనా, లోని వాయువు సంకోచించును, కప్పు కూలును. ఇరువదవ నిమిషమున మా కేకు పొంగినదే కాని ఉడికినది కాదు. ఈ సంగతి పిల్లకు తెలిసిన మాటలలో చెప్పి, కన్నీరు తుడిచి, మా అమ్మమ్మ దిబ్బరొట్టె కథ చెప్పితిని.

కేకులు, బిస్కత్తులు, బ్రెడ్డు ఇంట కాల్చుట మనకు పరాయివిద్య యని తలచువారు పెక్కుమంది కలరు. మైదాయు, ఓవెనును పరాయివి కావచ్చును గాని, క్రింద నిప్పు, మీద నిప్పు, నడుమ మూతపెట్టిన పిండి, ఈ విద్య గోదావరి తీరమున ప్రతి వంటయింటను ఉండెడిది. దిబ్బరొట్టెకు ఒక గ్లాసు మినపప్పునకు రెండు గ్లాసుల బియ్యపు రవ్వ. పప్పు నాలుగైదు గంటలు నానవలెను. అమ్మమ్మ దానిని రుబ్బురోట వేసి, పొత్రము త్రిప్పుచు, నడుమ నడుమ చేతితో నీరు చిలుకరించుచు, పిండి వెన్నవలె తేలువరకు రుబ్బెడిది. నీళ్లగిన్నెలో చిటికెడు పిండి వేసి, అది తేలినదా లేదా చూచుకొనెడిది. కడిగి నానిన రవ్వను గట్టిగా పిండి అందులో కలిపి, ఉప్పును జీలకఱ్ఱయు వేసెడిది. సోడా యను మాటయే లేదు. రుబ్బుటలో పిండి పట్టిన గాలియు, కాలునపుడు పుట్టు ఆవిరియు, ఈ రెండే దానిని పొంగించెడివి.

పిమ్మట కుంపటిపై మందమైన ఇనుప మూకుడు. అందులో నూనె కాగినపుడు పిండి యంతయు ఒక్కసారి దిబ్బగా పోసి, ఇత్తడి పళ్లెము మూతవైచి, కుంపటిలోని నిప్పులు సగము తీసి ఆ పళ్లెముపై పరచెడిది. ఇక అమ్మమ్మ చేయు పని యేదియు లేదు. పీటపై కూర్చుండి వినెడిది. అవును, ఆమె చూచెడిది కాదు, వినెడిది. మొదట మూకుడు పెద్దగా చిటపటలాడును. అడుగుననున్న తడి నూనెలో ఉడుకుచున్న చప్పుడది. తడి ఇంకినకొలదిని చప్పుడు సన్నగిల్లి, తుదకు చెవి యొగ్గిననే గాని వినబడని గుసగుసయగును. అప్పుడు వచ్చెడిది వాసన. మూతకై చేయి చాచిన నన్ను అమ్మమ్మ వారించుచు, "ముట్టుకోకురా నాన్నా, అయ్యాక అదే పిలుస్తుంది" అనెడిది. ఆ పిలుపు వినబడిన పిదపనే మూత తీసి, ఈనెపుల్ల గ్రుచ్చి, దానికి పిండి అంటకున్నచో రొట్టెను అట్లకాడతో త్రిప్పివేసెడిది. వెలుపల ఎఱ్ఱని మందమైన పెచ్చు, లోపల తెల్లని మెత్తని దిబ్బ. బెల్లపు పానకముతో ఒక ముక్క, ఆవకాయతో ఒక ముక్క.

ఇరువదిరెండవ యేట ఉద్యోగమునకై హైదరాబాదు వచ్చి, గది తీసికొని, స్వయంపాకము మొదలిడిన పిమ్మట నేనొకనాడు మిత్రులను నలుగురను పిలిచి దిబ్బరొట్టె చేయ సంకల్పించితిని. గదిలో ఉన్నది పలుచని అల్యూమినియపు గిన్నె, పొయ్యి గ్యాసుది, ఆకలి మిత్రులది. మంట పూర్తిగా పెంచి, పదునైదు నిమిషములలో రొట్టె తీసితిని. అడుగు బొగ్గుగా మాడెను. చీల్చి చూడగా నడుమ నుండి పచ్చిపిండి జారెను. గదినిండ పొగ. మిత్రులు మర్యాదగా అంచులు తిని, నీళ్లు త్రాగి వెడలిరి. ఎన్నియో ఏండ్లు గడచినను, ఆ పళ్లెములో మిగిలిన నల్లని పెచ్చులు నాకు నేటికిని కన్నులకు కట్టినట్లున్నవి. లోపమేమని అమ్మమ్మకు ఉత్తరము వ్రాయగా, మామయ్యచేత కార్డు వ్రాయించినది. అందులో యోగక్షేమములు పోగా ఉన్నది ఒక్క వాక్యము: "పావుగంటలో అయ్యేదాన్ని అట్టంటార్రా, రొట్టె అనరు."

ఆ వాక్యములోని శాస్త్రము నాకు చాల కాలమునకు గాని బోధపడలేదు. పిండిలో నీరున్నంతవరకు దాని వేడిమి నూరు డిగ్రీలను దాటదు. ఎంత మంట పెట్టినను, ఆ మంట నీటిని ఆవిరిచేయుటకే వ్యయమగును. నీరు తొలగిన అడుగుభాగము మాత్రము నూటనలువది డిగ్రీలకు పైబడి ఎఱ్ఱబారును. లూయీ కామిల్ మయ్యార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1912లో వివరించిన చర్య యిది, మాంసకృత్తుల అంశములును చక్కెరలును వేడికి కలసి, రంగును పరిమళమును పుట్టించుట. మంట పెద్దదైనచో అడుగు ఈ మెట్టును దాటి బొగ్గగునే కాని, నడుమకు వేడి చేరదు. ఏలయన పిండి వేడిని మిక్కిలి మెల్లగా లోనికి కొనిపోవును. రెండంగుళముల దిబ్బ నడుమ ఉడుకుటకు కావలసినది ఎక్కువ మంట కాదు, ఎక్కువ సేపు. మందమైన ఇనుము ఆలస్యముగా కాగినను, కాగిన వేడిని నిలుపుకొని నిలకడగా పిండికి అందించును. పలుచని గిన్నె మంట తగిలినచోటనే మాడ్చును.

ఈ పాఠము గోదావరికి మాత్రమే పరిమితము కాదు. ఆ గది యజమానురాలు వరంగల్లు జిల్లావారు. నా గది పొగ చూచి జాలిపడి, సర్వపిండి నేర్పినది ఆవిడయే. బియ్యపుపిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారము, కరివేపాకు కలిపి, సర్వ యను గిన్నె లోపలి గోడలకు పలుచగా అద్ది, వ్రేలితో రంధ్రములు చేసి, ఒక్కొక్క రంధ్రమున నూనెచుక్క విడిచి, మూతపెట్టి సన్నసెగపై కాల్చవలెను. ఒక వాయి తీసిన పిదప వేడిగిన్నెకే రెండవ వాయి అద్దబోయితిని. పిండి అంటక, ఉండలుగా ఊడి చేతికి వచ్చినది, వ్రేళ్లు చురుక్కుమన్నవి. "గిన్నె సల్లారనియ్యి బిడ్డా, గంత ఆగమెందుకు?" అని ఆవిడ గిన్నెను బోర్లించి, దాని వెన్నున చన్నీళ్లు పోసినది. కాలుటకే కాక, చల్లారుటకును వేచియుండవలెనని నాకు తెలిసినది ఆనాడే.

అరిసెల పాకమున మాత్రము దీనికి విపరీతముగా, ఆలస్యమే అపాయము. నీళ్లపళ్లెములో వేసిన పాకపు చుక్క వ్రేళ్ల నడుమ మెత్తని ఉండగా నిలిచిన క్షణముననే దించి తడిపిండి కలుపవలెను. లేతగా దింపినచో అరిసె నూనెలో విచ్చిపోవును. ముదిరినచో పంటికి లొంగదు. సంక్రాంతికి ప్రతి యింట ఎవరో ఒకరి చేతికే పాకము అప్పగించుట ఇందుచేతనే.

వంట మాట వచ్చినపుడు, భారతములో దేవతలు నలునకిచ్చిన వరములను నేను తఱచు స్మరింతును. అగ్ని, తలచినచోట తాను ప్రత్యక్షమగుదునని వరమిచ్చెను. అన్నమునందు రుచి నొసగినవాడు యముడు. నిప్పు నిచ్చిన దేవత వేరు, రుచి నిచ్చిన దేవత వేరు. బాహుకుడై వికృతరూపమున నున్న నలుని, అతడు వండిన మాంసము రుచి చూచియే దమయంతి గుర్తించినది. మా అమ్మమ్మ వెడలిపోయి చాల కాలమైనను, ఏ యింటనైనను ఆ దిబ్బరొట్టె వాసన వచ్చినచో నేను వీధిలో నిలిచిపోవుదును.

క్రుంగిన కేకును మేము పాఱవేయలేదు. నడుమ జిగటగానున్న భాగమును పలుచని ముక్కలుగా కోసి, పెనముపై నేయి రాచి, రెండు ప్రక్కల ఎఱ్ఱగా కాల్చగా పిల్లలు తమకు తామే వచ్చి తినిరి. మరుసటి ఉదయమున అమ్మాయి అటకపైనున్న ఇనుప మూకుడును నాచేత దింపించినది. త్రుప్పు పట్టియుండెను. ఇసుకతో తోమి, ఆరబెట్టి, నూనె రాచి, పొగ వచ్చువరకు కాచి, మరల రాచి, మూడుమారులు చేయగా నల్లగా నిగనిగలాడినది. ఇంట అట్టి మూకుడున్నవారు దానిని పాతసామాను కొనువానికి ఇయ్యవలదు. అందులో పులుసు మరగింపవలదు, పులుపునకు ఆ నల్లని పొర కరగిపోవును. నిన్న రాత్రి మా యింట మినపప్పు నానవేసితిమి. అమ్మాయి మూకుడు ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, నలువది నిమిషములు మూత ముట్టలేదు.