కరగని విషానికి కొలత ఏది?
డాఫ్నియా మంచినీటి చెరువులలో ఉండే, రొయ్యకు దూరపు చుట్టమైన చిన్న ప్రాణి. ఓ.ఇ.సి.డి. సంస్థ 1984లో ప్రకటించి 2004లో సవరించిన 202వ పరీక్షావిధానం ప్రకారం, పుట్టి 24 గంటలు నిండని డాఫ్నియా పిల్లలను రసాయనం కలిపిన నీటిలో 48 గంటలు ఉంచుతారు. సగం పిల్లలను ఈదలేకుండా చేసే గాఢతే దాని విషానికి కొలత.

బాగా కరిగే పదార్థాలకు ఈ పద్ధతి చక్కనిదే. సరిగా కరగని వాటి సంగతి వేరు. వాటిలో కొంత గాజుపాత్రకు అంటుకొనవచ్చు. కొంత పైన పొరకట్టి పిల్లలను చిక్కించుకొనవచ్చు. అప్పుడవి ఆగినది విషంవల్లనా, చిక్కుకొనుటవల్లనా? కనుక కలిపిన తూకమును గాక, నిజంగా కరిగిన పాలును కొలిచి చెప్పవలెను. కరిగినంత మేరకు ఏ పిల్లా ఆగలేదన్నచో విషం లేదని అర్థం కాదు. రెండు రోజులలో కనబడలేదని మాత్రమే. ఈ భేదమును మరచిన నివేదిక అంకెలను ఇచ్చును గాని సత్యమును ఇవ్వదు.