ముక్కుకు పిన్ను, తోకకు మడత

కేతేపల్లి పిల్లలకు గాలి బలం తెలియక కాదు. సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ప్రతివాడూ, కండక్టరు చూడనప్పుడు అరచేయి బయటపెట్టి కాస్త వాల్చినవాడే. చెయ్యి దానంతటదే లేస్తుంది. (పెట్టకూడదు. చెప్పినా వినరు.)

"సార్, గంత బరువు విమానం గాలిల ఎట్ల నిలుస్తది?" అంటే మనం చెప్పే జవాబు మాత్రం వేరు. రెక్క పైన ఉబ్బు, పైగాలికి దూరం ఎక్కువ, కిందిగాలిని అందుకోవాలని ఉరుకుతుంది, అందుకే పీడనం తగ్గుతుంది అంటాం. 1738లో బెర్నౌలీ వేగానికీ పీడనానికీ కలిపిన ముడిలో తప్పులేదు, తప్పంతా ఈ అందుకునే కథలోనే. విడిపోయిన గాలి రెక్క చివర మళ్లీ కలవాలన్న నియమమేదీ లేదు. బీదర్‌లోని వాయుసేన సూర్యకిరణ్ విన్యాస విమానాలు తలకిందులుగానూ ఎగురుతాయి. ఉబ్బు ఒక్కటే కారణమైతే అవి నేలకూలాలి కదా!

అందుకే నేను రఫ్ నోట్సు చింపిస్తాను. సన్నటి కాగితం పట్టీని కింది పెదవికి ఆనించి పైనుంచి ఊదితే, వేలాడే కొస లేస్తుంది. చాలామంది సార్లు చప్పట్లు కొట్టించి ఇక్కడే ఆగిపోతారు. అదే పట్టీని నిటారుగా వేలాడదీసి, ఒక పక్కన కిందికి ఊదించండి. ఊదినవైపు రాదు. నోరు అదే, గాలి అదే. తేడా వంపులో ఉంది. వంగిన కాగితాన్ని అంటుకుని పోయే గాలి కిందికి మళ్లుతుంది, దాన్ని మళ్లించిన కాగితం పైకి లేస్తుంది. న్యూటన్ మూడో సూత్రం పిల్లల పెదవి మీదే ఉంది.

తర్వాత రాకెట్లు. కాగితం విమానాన్ని మా పిల్లలు అట్లాగే పిలుస్తారు. రెక్కలు చదునే, అయినా ఎగురుతుంది. ముక్కు నేలకు కొట్టుకుంటే రెక్కల వెనక అంచును జొన్నగింజంత పైకి మడవాలి. ముక్కెత్తి మధ్యలో ఆగి కూలబడితే ముక్కుకు ఒక పిన్ను. ఒకమ్మాయి ఎవరూ చెప్పకుండానే ఒక రెక్క అంచు పైకి, రెండోది కిందికి మడిచింది. రాకెట్ పక్కకు ఒరిగి వేపచెట్టు చుట్టూ తిరిగింది. రైట్ సోదరులు రెక్కలను తీగలతో మెలిపెట్టి సాధించింది ఈ ఒరుగే. 1903 డిసెంబర్ 17న వాళ్ల మొదటి ఎగురుడు 12 సెకన్లు, 120 అడుగులు. మన బడి ఆవరణ చాలు.

సార్లకు, టీచరమ్మలకు ఒక్క మనవి. ఒకసారికి ఒక్క మార్పే చేయించండి. ముక్కూ తోకా కలిపి మారిస్తే దేనివల్ల ఎగిరిందో వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు. ముందు ఫ్యాను ఆపండి.