టీచరు చేతికి అందేలా

రెండో తరగతి చదివే పిల్లకి డస్ట్ ఎలర్జీ. లేచింది మొదలు వరస తుమ్ములు, కళ్లు నులుముకోవడం, బస్సు వచ్చే వేళకి ముక్కు కారడం. దీనికి మందులకేం కొదవ లేదు. చిక్కంతా తర్వాతి గంటల్లోనే. బస్సెక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా పిల్ల అమ్మ దగ్గర ఉండదు, డాక్టరు దగ్గర అసలే ఉండదు. క్లాసులో నలభైమందిని ఒక్కతే చూసుకునే టీచరు దగ్గర ఉంటుంది. ఆ టీచరుని తలుచుకుని చేసినట్టుండే మందులు కొన్ని ఉన్నాయి. వాటి పనితనం దగ్గర్నుంచి చూసినకొద్దీ గౌరవం పెరుగుతుంది.

వెనకటి మందులు అవిల్, సీపీఎం. తుమ్ములు ఆపేవి, పిల్లని బెంచీ మీదే నిద్రపుచ్చేవి. నాలుగైదు గంటలకోసారి వెయ్యాలి కాబట్టి ఒక మోతాదు బడివేళలో పడేది. సెటిరిజిన్ ఈ రెండు ఇబ్బందుల్నీ చాలావరకు తీర్చింది. హైడ్రాక్సిజిన్ అని బాగా మత్తు తెచ్చే పాత మందు ఒకటుంది. అది మన కాలేయంలో మారితే వచ్చేదే సెటిరిజిన్. బెల్జియంలోని యూసీబీ కంపెనీ ఆ మారిన రూపాన్నే మందుగా తెచ్చింది. ఆ మార్పులో అణువుకి ఒక ఆమ్లపు కొస వచ్చి చేరింది. అందువల్ల అది మెదడులోకి తేలిగ్గా దూరదు. దూరినదాన్ని కూడా అక్కడి రక్తనాళాల గోడల్లోని ఒక ప్రొటీన్ వెనక్కి పంపేస్తుంది. ఒకసారి వేస్తే దాదాపు రోజంతా పనిచేస్తుంది. అయినా కొందరు పిల్లలకి మగతగా ఉంటుంది, వాళ్లకి లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ నయం. (ఫెక్సోఫెనడిన్‌ని నీళ్లతోనే వెయ్యాలి. యాపిల్, నారింజ రసాలతో ఇస్తే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది.) రాత్రి ఇంట్లో వేసేస్తే బడి సంచిలో సీసా పెట్టే పనే లేదు. రోజువారీ ముక్కు ఎలర్జీకి, బడికి వెళ్లక్కర్లేని మందే అన్నిటికన్నా మంచి బడి మందు.

సిరప్ సీసా మీద కొలత చూడండి. 5 మి.లీ.లో 5 మి.గ్రా. సెటిరిజిన్. మిల్లీలీటరుకి మిల్లీగ్రాము, లెక్క కట్టే పనే లేదు. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి మామూలుగా 2.5 మి.లీ.తో మొదలుపెడతారు, ఆరేళ్లు నిండితే 5 మి.లీ. ఆ మీదట పెంచాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. ఇంకో ముచ్చట ఉంది. సెటిరిజిన్‌లో కుడి ఎడమల తేడా ఉన్న రెండు రూపాలు సగం సగం కలిసి ఉంటాయి, పని చేసేది ప్రధానంగా ఒకటే. దాన్ని విడదీసి లీవోసెటిరిజిన్ చేశారు కాబట్టి మోతాదు సగమైంది. సిరప్‌లో కూడా సాధారణంగా 5 మి.లీ.కి 2.5 మి.గ్రా.యే కలుపుతారు. ఆరేళ్ల పిల్లకి మందు మారినా కొలత మూత మీద గీత మారదు. అలా అని లేబుల్ చదవడం మానకూడదు, చుక్కల మందుల్లో గాఢత వేరుగా ఉంటుంది. వంటింటి చెంచాతో మాత్రం కొలవొద్దు, ఏ రెండు చెంచాలూ ఒక్కలా పట్టవు.

మాంటెలుకాస్ట్ నమిలే బిళ్లలో వయసుకొక కొలత: రెండు నుంచి ఐదేళ్లకి 4 మి.గ్రా., ఆరు నుంచి పద్నాలుగేళ్లకి 5 మి.గ్రా. పొందికగానే ఉంది. కానీ పీడకలలు, చిరాకు, దిగులు లాంటివి రావచ్చని 2020లో అమెరికా ఎఫ్‌డీఏ దీనిమీద గట్టి హెచ్చరిక పెట్టించింది. ఉత్త తుమ్ములకి మొదటే దీన్ని అందుకోవడం నాకు సమ్మతం కాదు.

సెటిరిజిన్ చేదు పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసిందే. కొన్ని నమిలే బిళ్లల్లో దానికి బీటా సైక్లోడెక్స్‌ట్రిన్‌తో విరుగుడు చేశారు. ఏడు గ్లూకోజ్ ముక్కలు గుండ్రంగా అతుక్కుని, గారెలా మధ్యన చిల్లుతో ఉంటుందది. చేదు అణువు ఆ చిల్లులో ఒదిగిపోతుంది, నాలుకకి తగలదు. నోట్లో కరిగే లోరటడిన్ బిళ్లలో వాడిన జైడిస్ పద్ధతి ఇంకా ముచ్చటైనది. మందు కలిపిన ద్రవాన్ని నేరుగా అట్టలోని గుంటల్లోనే పోసి గడ్డకట్టిస్తారు. గాలి తీసేసిన గదిలో మంచు కరగకుండానే ఆవిరైపోతుంది. మిగిలేది సన్నటి రంధ్రాల బిళ్ల. నాలుక మీద పెడితే ఆ రంధ్రాల్లోకి లాలాజలం చొరబడి, బిళ్ల క్షణాల్లో మాయమైపోతుంది. నీళ్లు వెతుక్కోనక్కర్లేదు. నొక్కి తీస్తే పొడి అయిపోయేంత సుతారం, అందుకే వెనకాల రేకు ఒలిచి తీయాలి.

ఇక బడి దాకా వెళ్లక తప్పని మందు ఒకటుంది. వేరుశనగ పడని పిల్లకి, జీడిపప్పు పడని పిల్లకి గొంతు బిగుసుకుపోతుంటే సెటిరిజిన్ కాపాడలేదు. అడ్రినలిన్ కావాలి, అదీ వెంటనే, తొడ కండరంలో. కిలో బరువుకి 0.01 మి.గ్రా. చొప్పున లెక్కగట్టి, గాజు ఆంప్యూల్ మెడ విరిచి, సిరంజిలోకి లాగి, గాలి బుడగ తీసి పొడవడం వణికే చేతుల వల్ల అయ్యే పని కాదు. అమెరికాలో షెల్డన్ కాప్లాన్ అనే ఇంజినీరు, సైనికులకి విషవాయువు విరుగుడుగా చేసిన సూదిలోంచి ఎపీపెన్‌ని రూపొందించాడు. 1987లో అనుమతి వచ్చింది. నీలం మూత లాగాలి, నారింజ రంగు కొసని తొడ బయటివైపు, బట్టల మీదనుంచే సరే, గట్టిగా అదమాలి. టక్కుమంటుంది. మూడు సెకన్లు అలాగే పట్టుకోవాలి. తీయగానే నారింజ కొస ముందుకి సాగి సూదిని కప్పేస్తుంది. లోపలి ద్రవం రంగు మారిందేమో చూసుకోవడానికి పక్కన చిన్న కిటికీ. నేర్చుకోవడానికి సూదీ మందూ లేని ఉత్తుత్తి పెన్ను వేరే ఉంది.

కొలతలు రెండే: 15 నుంచి 30 కిలోల దాకా 0.15 మి.గ్రా., ఆపైన 0.3. ఇరవై తొమ్మిది కిలోల పిల్లకి లెక్క ప్రకారం రావలసిన దాంట్లో దాదాపు సగమే అందుతుంది. అందుకే 25 కిలోలకే పెద్ద పెన్నుకి మారమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2017లో చెప్పింది. లెక్క కొంత వదులుకుని వేగాన్ని ఎంచుకున్నారు, అది సరైన ఎంపిక. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలో ఇలాంటి పిల్లలున్న ఇళ్లకి ఈ పెన్నుల జత, స్కూల్లో ఇచ్చే డాక్టరు ప్లాన్ కాగితం బాగా అలవాటే. ఇక్కడ మామూలు మందుల షాపులో పెన్ను దొరకడం కష్టం, ఇంకా ఆంప్యూలే దిక్కు.

2024లో అమెరికాలో సూదే లేని అడ్రినలిన్ ముక్కు స్ప్రే నెఫీ వచ్చింది. 15 నుంచి 30 కిలోల పిల్లలకి 1 మి.గ్రా. రకాన్ని 2025లో అనుమతించారు. ముక్కు పొరలోంచి అడ్రినలిన్ సరిగా దిగదు. డోడెసిల్ మాల్టోసైడ్ అనే పదార్థం ఆ పొర కణాల సందుల్ని కాసేపు వదులు చేసి దారిస్తుంది. అయినా కొంతే లోపలికి పోతుంది కాబట్టి, సూదిలో 0.15 చాలేచోట ఇక్కడ 1 మి.గ్రా. పెట్టారు. కొద్దిరోజులపాటు 50 డిగ్రీల వేడి తగిలినా పాడవదని లేబుల్ మీదే ఉంది. రామగుండం ఎండలు ఎరిగినవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది. మన షాపుల్లోకి ముందుగా రావలసిన రూపం ఇదే.