మంచుబండిలో పెళ్లికూతురు

తెల్లటి మంచు, దాని మీద కుక్కలు లాగుతున్న చక్రాల్లేని బండ్లు, కుక్కల వీపుల మీద రంగురంగుల కుట్టుపని గుడ్డలు, వెంట నడిచే మగవాళ్లు. పాల్ కేన్ వేసిన ఈ తైలవర్ణ చిత్రం టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియంలో ఉంది. దాని పేరుకి తెలుగు చేస్తే ‘కుక్కబండ్లలో శీతాకాల ప్రయాణం’ అవుతుంది. కెనడా బొచ్చుతోళ్ల వ్యాపారం అనగానే గుర్తొచ్చే బొమ్మల్లో ఇదొకటి. చలిని, దూరాన్ని జయించిన మగవాళ్ల కథగానే దీన్ని చూడటం మనకు అలవాటు.

నిజానికి అదొక పెళ్లి ప్రయాణం. 1848 జనవరిలో ఎడ్మంటన్ కోటలో మార్గరెట్ హారియట్‌కి, జాన్ రోవండ్ అనే యువకుడికి పెళ్లయింది. ఇద్దరి తండ్రులూ హడ్సన్స్ బే కంపెనీ అధికారులు. ఇద్దరి తల్లులూ స్థానిక ఆదివాసీ రక్తం కలిసిన మెటీ స్త్రీలు. కొత్త జంట పిట్ కోటకి బయల్దేరితే కేన్ కూడా వెంట వెళ్లాడు. మూడు సవారీ బండ్లు, ఆరు సామాను బండ్లు, ఒక్కోదానికి నాలుగు కుక్కలు, తొమ్మిదిమంది పనివాళ్లు అని 1859లో అచ్చయిన తన పుస్తకంలో లెక్క చెప్పాడు. కుక్కల అలంకరణనీ మురిపెంగా వర్ణించాడు. చిత్రం పేరులో మాత్రం పెళ్లీ లేదు, పెళ్లికూతురూ లేదు.

ఆ అలంకరణ ఎవరి చేతి పని? ఆ గుడ్డల మీద పూసలు, దారాలు కుట్టింది క్రీ, మెటీ స్త్రీలు. మంచులో దిగబడకుండా నడిపించే బూట్లకు తోలుతాళ్ల వల అల్లింది వాళ్లే. మొకాసిన్‌లు కుట్టిందీ, అడవిదున్న మాంసాన్ని ఎండబెట్టి, దంచి, కొవ్వు కలిపి నెలల తరబడి నిలవుండే పెమ్మికన్ చేసిందీ వాళ్లే. అది లేకపోతే ఆ దారుల్లో బండి కదలదు. అయినా కంపెనీ జీతాల పద్దుల్లో ఆ ఆడవాళ్ల పేర్లు దాదాపు కనిపించవు. సిల్వియా వాన్ కర్క్, జెనిఫర్ బ్రౌన్ 1980లో తమ పుస్తకాలు తెచ్చేదాకా చరిత్రకారులూ వాళ్లని పెద్దగా పట్టించుకోలేదు.

బండిలో కూర్చున్న మార్గరెట్, ఆ బండిని సిద్ధం చేసిన స్త్రీలు ఒకటి కాదు. ఆమె అధికారి బిడ్డ. కానీ ఆమె స్థానమూ గట్టిది కాదు. కంపెనీ గవర్నర్ జార్జ్ సింప్సన్ తన పిల్లల తల్లి అయిన మెటీ స్త్రీని వదిలేసి, 1830లో ఇంగ్లండు నుంచి భార్యని తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి పెద్ద అధికారులకు తెల్లభార్య ఉండటం హోదా అయింది. కేన్ ప్రయాణాలకు అండగా నిలిచింది కూడా ఆ సింప్సనే. ఆ బండిలో కూర్చున్న అమ్మాయి ముందున్న లోకం అది.

మహబూబ్‌నగర్‌లో ఉండి ఈ చిత్రాన్ని చూస్తుంటే లంబాడాల పెరికెడ్లు గుర్తురాక మానవు. దక్కనంతా ఉప్పు, ధాన్యం మోసిన ఆ బిడారులు మైసూరు యుద్ధాల్లో ఇంగ్లీషు సైన్యానికీ తిండి చేరవేశాయి. 1874లో సికింద్రాబాద్‌కు రైలొచ్చాక, రోడ్లు పడ్డాక ఆ బతుకుతెరువు పోయింది. తెల్లవాళ్ల రాతల్లో ఎడ్ల సంఖ్య ఉంటుంది, నాయక్ పేరు ఉంటుంది. ఆడవాళ్ల వంతుకు వచ్చేసరికి వాళ్ల అద్దాల బట్టలు, గాజులు, నగల వర్ణనే. దారిలో వండిందెవరు, గోనెలు కుట్టిందెవరు, బిడారు నడుస్తుండగానే బిడ్డని కని మళ్లీ నడిచిందెవరు అన్న ప్రశ్నే అక్కడ లేదు. ఇప్పుడు ఆ కుట్టుపనిని ఎగ్జిబిషన్లలో కొంటాం. అది ఒక రవాణా వ్యవస్థలో భాగమని తలుచుకోం.

కేన్ బొమ్మలో అందం ఉంది, కాదనను. ఆ అందం చాలావరకు ఆడవాళ్లు కుట్టిన గుడ్డలదే. తండాల చరిత్ర రాసేవాళ్లు ఎడ్లని లెక్కపెట్టేముందు అవ్వల దగ్గర కూర్చోవాలి. గోనె ఎలా కుట్టేవారో, ఎన్నాళ్లకి సరిపడా రొట్టెలు కట్టుకునేవారో వాళ్ల తల్లులు చెప్పిన మాటలు ఇంకా కొందరికి గుర్తుండవచ్చు.