బూస్టర్ మార్చే ముందు

"బ్రేకు బిర్రయిందన్నా, ఎంత తొక్కినా బండి నిలబడడంల్యా." చిప్పగిరి, ఆలూరు, ఆదోని వైపు పాత జీపుల డ్రైవర్లు షెడ్డుకొచ్చి చెప్పే మాట ఇది. ఆ వెంటనే "కొత్త బూస్టర్ ఎంతవుతుంది?" అని అడుగుతారు. మెకానిక్ ఆగాల్సింది అక్కడే. ధర చెప్పే ముందు జబ్బు ఎక్కడుందో తేల్చాలి. పాత బండి మీద బతికే మనిషి మన తప్పుడు అంచనాకు డబ్బు కట్టలేడు.

బూస్టర్ తనంతట తాను బలం పుట్టించదు. లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. దానికి రెండువైపులా గాలి లాగేసి ఉంటుంది, అదే వాక్యూమ్. పెడల్ తొక్కగానే ఒకవైపు బయటి గాలి చొరబడి పొరను తోస్తుంది. మన కాలికి తోడొచ్చే బలం అదే. పెట్రోల్ బండిలో బూస్టర్‌లోని గాలిని ఇంజనే లాగుతుంది. డీజిల్ బండికి విడిగా పంపు కావాలి. మన జీపుల్లో చాలావాటికి అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. అందుకే పెడల్ గట్టిపడితే పంపు అరిగి ఉండవచ్చు, పైపు చీలి ఉండవచ్చు, ఎన్ఆర్‌వీ (గాలిని ఒకవైపే పోనిచ్చే వాల్వు) పనిచేయకపోవచ్చు, బెల్టు వదులై ఉండవచ్చు. ఆల్టర్నేటర్‌నూ ఆ బెల్టే తిప్పుతుంది కాబట్టి, బ్యాటరీ చార్జింగ్ కూడా తగ్గిందంటే ముందు బెల్టే చూడాలి.

పరీక్షకు సామాను అక్కర్లేదు. ఇంజన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే వాక్యూమ్ అందుతున్నట్టే. తర్వాత ఇంజన్ ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపి, మెల్లగా తొక్కిచూడండి. మొదటిసారి లోపలికి దిగి, రెండోసారి, మూడోసారి పైపైనే ఆగితే బూస్టర్ గాలి నిలుపుకుంటోంది. మొదటి తొక్కుకే గట్టిగా ఉంటే ఎక్కడో లీకుంది. ఇంజన్ నడుస్తుండగా పెడల్ తొక్కిపట్టి, ఇంజన్ ఆపి, 30 సెకన్లు అలాగే ఉంచినా పెడల్ కదలకూడదు.

పెడల్ మెత్తగా ఉంటే దారి వేరు. లైన్లలో గాలి చేరిందేమో చూడాలి. కాలి కింద మెల్లమెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ కప్పులను అనుమానించాలి. బయట చుక్క కారకుండానే బ్రేక్ ఆయిల్ తగ్గుతుంటే, మాస్టర్ సిలిండర్ వెనక సీలు దాటి అది బూస్టర్‌లోకే పోతూ ఉండవచ్చు.

40 డిగ్రీలు దాటే ఎండ, నల్లరేగడి దుమ్ము మన దగ్గర రబ్బరును తొందరగా చంపుతాయి. వాక్యూమ్ పైపు ఎక్కువగా మలుపు దగ్గరే చీలుతుంది. ఎన్ఆర్‌వీ పాడైతే పంపులోని ఇంజన్ ఆయిల్ బూస్టర్‌లోకి చేరి పొరను ఉబ్బిస్తుంది. ఆ సంగతి చూడకుండా కొత్త బూస్టర్ బిగిస్తే అదీ అలాగే పాడవుతుంది. చిన్న వాల్వుతో పోయేదానికి వేలు ఖర్చవుతాయి, జబ్బు మాత్రం బండిలోనే ఉంటుంది.

ఇక్కడ ఇంకో ప్రమాదముంది. దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపేవాళ్లున్నారు. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. పత్తి పనులు ముగిశాక మన పల్లెల నుంచి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోతాయి. పిల్లలు, సామానుతో కిక్కిరిసిన ఆ బళ్లు నల్లమల ఘాట్ దిగాలి. అక్కడ ఇంజన్ ఆపడమంటే వాళ్ల ప్రాణాలతో డీజిల్ కొనుక్కోవడమే. దారిలో పెడల్ గట్టిపడితే భయపడి కాలు తీయొద్దు. బూస్టర్ పోయినా బ్రేకు మిగిలే ఉంటుంది. ఒళ్లంతా బలం పెట్టి తొక్కాలి, గేరు తగ్గించాలి.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. అయితే రెండు ఎఫ్‌సీల మధ్య ఏ రోజైనా పైపు చీలవచ్చు. కాబట్టి డ్రైవర్లకు నా మనవి ఒకటే: జనాన్ని ఎక్కించుకోకముందు, ఇంటి ముందే, పైన చెప్పిన పెడల్ పరీక్ష చేయండి. సాటి మెకానిక్‌లకు కూడా ఒక మాట: కొత్త పార్టు అమ్మడం కన్నా అది అవసరంలేదని తేల్చి చెప్పడమే పెద్ద పనితనం. దానికి కూలి తీసుకోండి, బండి యజమాని సంతోషంగా ఇస్తాడు.